ఆరవ మానిక

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం: గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు)

అన్నమంతా పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని మన సామెత. వంటింట్లో అది నూటికి నూరుపాళ్ళూ నిజం. కాని కంప్యూటరు ప్రోగ్రాము దగ్గర కూడా అదే సామెతను నమ్ముకుని, ఒక రోజున నేను ముగ్గురు మనుషులకు కడుపునిండా అన్నం లేకుండా చేశాను. ఆ సంగతి చెప్పుకోవటానికీ, ఆ తర్వాత నేర్చుకున్న రెండు పద్ధతుల్ని తోటి విద్యార్థులకు పరిచయం చెయ్యటానికీ ఈ వ్యాసం. మొదటిది ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు. రెండవది టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్, అనగా పరీక్షను ముందు వ్రాసి, ప్రోగ్రామును తర్వాత వ్రాయటం. ఈ పేర్లు చూసి కామర్సు, తెలుగు, వృక్షశాస్త్ర మిత్రులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. లోపల ఉన్నదంతా బియ్యం, జాడీ, గిన్నె, పొయ్యిల వ్యవహారమే.

ఆ రోజు జరిగింది

మాది గోదావరి డెల్టాలో చిన్న ఊరు. మూడున్నర ఎకరాల వరి. సార్వా ఊడ్పుల రోజున కూలీలకు మధ్యాహ్నం భోజనం పెట్టటం మా ఇంట్లో నానమ్మ కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. ఇప్పుడు ఊళ్ళో చాలామంది భోజనానికి బదులు డబ్బు కలిపి ఇచ్చేస్తున్నారు గాని, మా అమ్మ ఒప్పుకోదు.

కిందటి సంవత్సరం జూలైలో, సరిగ్గా ఊడ్పులకు రెండు రోజుల ముందు, అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదని కబురొచ్చి అమ్మ పుట్టింటికి వెళ్ళింది. వంట భారం పిన్ని మీద పడింది. పిన్ని ఎప్పుడూ అంతమందికి వండి ఎరగదు. "బియ్యం ఎంత పొయ్యమంటావురా?" అని అడిగింది. అమ్మకు ఫోను చేస్తే ఆస్పత్రిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. "ఉండు పిన్నీ, లెక్క నా దగ్గరుంది" అని నేను ధీమాగా లాప్‌టాప్ తీశాను.

వేసవి సెలవుల్లో సరదాకి పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసి ఉంచుకున్నాను. మనిషికి సోలెడు బియ్యం. నాలుగు సోలలు ఒక మానిక. కాబట్టి మనుషుల సంఖ్యను నాలుగుతో భాగిస్తే ఎన్ని మానికలు పొయ్యాలో వచ్చేస్తుంది. 12 మందికి అడిగితే 3 అంది. 20 మందికి అడిగితే 5 అంది. రెండు మెతుకులు పట్టి చూశాను, ఉడికిందనుకున్నాను.

ఆ రోజు వచ్చినవాళ్ళు 23 మంది. ప్రోగ్రాము 5 మానికలు అంది. పిన్ని అయిదు మానికలు కొలిచి ఎసట్లో పోసింది. ఇద్దరం కలిసి గిన్నెలన్నీ టీవీఎస్ బండి మీద చేలోకి చేరవేశాం. చేను ఇంటికి మూడు కిలోమీటర్లు. గట్టు మీద చెట్టు కింద వడ్డన మొదలయింది. ఇరవై మంది తిన్నాక గిన్నె అడుగు కనిపించింది. చివరగా కాలవలో కాళ్ళు కడుక్కుని వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. కూరా పులుసూ పిన్ని అందాజుగా వండింది, అవి మిగిలాయి. నా లెక్కతో వండిన అన్నమే చాలలేదు.

అడుగున ఉన్నది గీకి ముగ్గురికీ తలా రెండు ముద్దలు పెట్టాం. ఆ ముగ్గురిలో పెద్దావిడ నన్ను చిన్నప్పటినుంచి ఎరిగినది. "పర్లేదు బాబూ, ఇంత మజ్జిగ పొయ్యి" అంది. మజ్జిగ తాగి మళ్ళీ బురదలోకి దిగింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వంగి నాటు వెయ్యటమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుసు. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రే పట్టుకున్నాను. పైథాన్‌లో భాగహారానికి రెండు గుర్తులున్నాయి. ఒక ఏటవాలు గీత పెడితే దశాంశాలతో సహా జవాబిస్తుంది, 23ని 4తో భాగిస్తే 5.75 అంటుంది. రెండు గీతలు పెడితే పూర్ణాంకం మాత్రమే ఉంచి శేషాన్ని వదిలేస్తుంది. జవాబు చక్కగా కనపడుతుందని నేను రెండు గీతలు పెట్టాను. ఆ వదిలేసిన శేషమే ఆ ముగ్గురు.

మెతుకుకీ మెతుకుకీ తేడా

గిన్నెలో అన్నానికి ఒక్క మెతుకు ఎందుకు చాలుతుంది? అన్ని గింజలూ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద, అంతసేపే ఉడికాయి. కనుక ఒకటి మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. ప్రోగ్రాములో అలా కాదు. 20 అన్న అంకె నడిచే దారి వేరు, 23 నడిచే దారి వేరు, సున్న నడిచే దారి మరీ వేరు. నేను పట్టి చూసిన రెండు మెతుకులూ నాలుగుతో నిశ్శేషంగా పోయేవే. అంటే గిన్నెలో ఒక పక్కనే రెండుసార్లు చూసి, రెండో పక్క పచ్చిగా ఉన్నా తెలియక దింపేశానన్నమాట.

కనుక ప్రోగ్రాములో మెతుకుల్ని ఏరి పట్టుకోవాలి. ముఖ్యంగా గట్ల దగ్గరివి. నాలుగు గుణిజం ఒకటి, దానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, తర్వాత ఒకటి, సున్న. నీళ్ళు గండి పడేది గట్టు దగ్గరే గాని మడి మధ్యలో కాదు కదా!

ఆ సెమిస్టరులోనే మాకు ప్రాక్టికల్స్‌లో ప్రాజెక్టు ఇచ్చారు. మిత్రులు గ్రంథాలయం, బ్యాంకు, రైలు రిజర్వేషను ఎంచుకున్నారు. నేను వంటిల్లు అన్నాను. క్లాసంతా నవ్వింది. మా లెక్చరరుగారు మాత్రం నవ్వలేదు. "చెయ్యవయ్యా, కాని ఒక షరతు. పరీక్ష వ్రాయకుండా ఒక్క లైను ప్రోగ్రాము కూడా వ్రాయటానికి వీల్లేదు" అన్నారు.

ఆవకాయ జాడీ చెప్పిన పాఠం

ముందుగా ఆబ్జెక్ట్ అంటే ఏమిటో చూద్దాం. మా నానమ్మ బతికి ఉన్నప్పుడు ఆవకాయ జాడీ మీద చెయ్యి వేసే అధికారం ఇంకెవరికీ లేదు. "అడిగితే నేనే తీసి పెడతాను, తడిచెయ్యి పెట్టారంటే బూజు పడుతుంది" అనేది. జాడీకి తాళం లేదు. వాసెనగుడ్డ ఒక్కటే. అయినా అందరూ అడిగే పుచ్చుకునేవాళ్ళం. ఆవిడ పొడి గరిటెతో తీసి, మళ్ళీ గుడ్డ కట్టి, ఎంత మిగిలిందో చూసుకునేది.

ఆబ్జెక్ట్ అంటే అదే. లోపల కొంత సమాచారం ఉంటుంది, దాన్ని ముట్టుకోవటానికి నియమించిన పనులు కొన్ని ఉంటాయి. బయటివాళ్ళు పని అడగవచ్చు, లోపల చెయ్యి పెట్టకూడదు. దీన్నే ఎన్‌కాప్సులేషన్ అంటారు. జావా, సి ప్లస్ ప్లస్ భాషల్లో 'ప్రైవేట్' అనే మాటతో తలుపు వేసేస్తారు. పైథాన్‌లో మా నానమ్మ పద్ధతే. పేరు ముందు ఒక అడుగుగీత పెడితే 'ఇది లోపలిది, ముట్టుకోకండి' అని అర్థం. అది తాళం కాదు, మర్యాద.

ఈ మర్యాద లేకపోతే ఏమవుతుంది? నా మొదటి ప్రోగ్రాములో బియ్యం నిల్వ అనేది నట్టింట్లో పెట్టిన అంకె. వంట భాగం దాన్ని తగ్గించేది. ఇంటి ఖర్చు రాసే భాగం కూడా అదే వంట చూసి మళ్ళీ తగ్గించేది. ఒకసారి చూద్దును కదా, డబ్బాలో మైనస్ 2 మానికల బియ్యం! ప్రపంచంలో ఏ రైతు ఇంట్లోనూ ఉండని బియ్యం అవి. ఇప్పుడు డబ్బా ఒక ఆబ్జెక్ట్. దానికి 'తీసిపెట్టు' అనే పని ఉంది. ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే అది లేదని చెబుతుంది.

ఇక క్లాస్ అంటే ఆ జాడీల కట్టుబాటు. ఎంత పడుతుంది, ఎలా తియ్యాలి, ఎప్పుడు లేదనాలి అని ఒక్కసారి వ్రాసిపెట్టుకోవటం. ఆ కట్టుబాటు ప్రకారం ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, గోంగూర జాడీ ఎన్నయినా తయారుచేసుకోవచ్చు. నియమాలు అందరివీ ఒకటే, లోపలి సరుకు ఎవరిది వారిదే. క్లాస్ ఒకటి, ఆబ్జెక్టులు మూడు.

మూడవ సంగతి మరీ ముచ్చటైనది. పొయ్యి దగ్గర అమ్మ అన్నిటినీ ఒకే ప్రశ్న అడుగుతుంది, "ఉడికిందా?" అని. అన్నమైతే మెతుకు నొక్కి చూస్తుంది. పప్పయితే గుత్తితో మెదిపి చూస్తుంది. కందగడ్డయితే పుల్ల గుచ్చి చూస్తుంది. ప్రశ్న ఒకటే, జవాబు చెప్పే తీరు ఎవరిది వారిది. నా ప్రోగ్రాములో 'వంటకం' అనే పెద్ద క్లాస్ ఉంది. అన్నం, పప్పు, దుంప దాని పిల్ల క్లాసులు. ప్రతి ఒక్కటీ 'ఉడికిందా' అన్న పనిని తన పద్ధతిలో చేస్తుంది. ఈ వారసత్వాన్ని ఇన్‌హెరిటెన్స్ అనీ, ఒకే పిలుపుకు తలా ఒక తీరుగా పలకటాన్ని పాలిమార్ఫిజం అనీ అంటారు. రేపు బీరకాయ వచ్చి చేరినా పొయ్యి భాగంలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

వారసత్వం దగ్గర ఒక పొరపాటు కూడా చేశాను. అన్నానికి గిన్నె కావాలి గనుక, అన్నాన్ని గిన్నెకు పిల్ల క్లాసుగా వ్రాశాను. లెక్చరరుగారు చూసి, "అన్నం గిన్నెలో ఉంటుందయ్యా. అన్నం ఒక రకం గిన్నె కాదు" అన్నారు. ఉండటానికీ, అవటానికీ తేడా తెలిస్తే ఈ సబ్జెక్టులో సగం తెలిసినట్టే.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

ఇదంతా నిన్నా మొన్నా వచ్చింది కాదు. నార్వే రాజధాని ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు 1960 దశకంలో సిములా అనే భాషను తయారుచేశారు. బయటి ప్రపంచంలో జరిగే పనుల్ని కంప్యూటరులో అనుకరించి చూడటం వారి ఉద్దేశం. క్లాస్, ఆబ్జెక్ట్, వారసత్వం మూడూ సిములా 67లో కనిపిస్తాయి. ఇందుకు వారికి 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2002లో ఇద్దరూ కొద్ది వారాల తేడాతో కన్నుమూశారు.

'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్' అన్న మాటను పుట్టించినవాడు అమెరికాకు చెందిన అలన్ కే. 1970 దశకంలో జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆయన, ఆయన సహచరులు స్మాల్‌టాక్ భాషను రూపొందించారు. 1979లో బ్యార్న స్ట్రౌస్ట్రప్ మొదలుపెట్టిన పని సి ప్లస్ ప్లస్ అయింది. పైథాన్ 1991లో, జావా 1995లో వెలువడ్డాయి.

పరీక్ష ముందు అన్న పద్ధతికి పేరు తెచ్చినవాడు కెంట్ బెక్. తాను కనిపెట్టలేదని, పాత పద్ధతినే మళ్ళీ పైకి తీశానని ఆయన అంటాడు. 1960ల మొదట్లో అమెరికా వారి మెర్క్యురీ అంతరిక్ష కార్యక్రమంలోనే పరీక్షలు ముందు వ్రాసుకుని చిన్న చిన్న అంగలుగా ప్రోగ్రాము వ్రాసేవారట. 1997లో జూరిక్ నుంచి అట్లాంటా వెళ్ళే విమానంలో కూర్చుని, కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి జావాకు 'జేయూనిట్' అనే పరీక్షల పనిముట్టును వ్రాశారు. పైథాన్‌తో పాటు వచ్చే 'యూనిట్‌టెస్ట్' దాని పోలికలోదే. ఈ పద్ధతి మీద కెంట్ బెక్ పుస్తకం 2002 చివర వచ్చింది.

ఎరుపు, పచ్చ, శుభ్రం

పద్ధతి చెప్పటానికి చాలా తేలిక. మూడే అంగలు. ఒకటి, ఏ జవాబు రావాలో ముందు పరీక్షగా వ్రాసి నడపాలి. ప్రోగ్రాము ఇంకా లేదు గనుక అది తప్పకుండా తప్పుతుంది. దాన్ని ఎరుపు అంటారు. రెండు, ఆ పరీక్ష నెగ్గటానికి సరిపడినంత ప్రోగ్రాము మాత్రమే వ్రాయాలి. అది పచ్చ. మూడు, పరీక్షలు నెగ్గుతూ ఉండగానే ప్రోగ్రామును శుభ్రం చెయ్యాలి. మా అమ్మ వంట ముగిసేసరికి పొయ్యిగట్టు కూడా తుడిచి ఉంటుంది. పోనీ రేపు తుడుద్దాం అనుకునేవాళ్ళ గట్టు ఎలా ఉంటుందో హాస్టలు గదుల్లో ఉండే మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

తప్పుతుందని తెలిసి కూడా ముందు నడపటం ఎందుకు? నాకూ ఇదే సందేహం వచ్చింది. దానికి జవాబు నా ప్రాజెక్టే ఇచ్చింది. పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలో కూడా పెట్టుకోవచ్చు. ఆ ఉత్సాహంలో ఒక పరీక్షకు 'పరీక్ష' అని మొదలయ్యే తెలుగు పేరు పెట్టాను. నడిపాను. అన్నీ పచ్చ. రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. తర్వాత లెక్కపెడితే నేను వ్రాసినవి పది, నడిచినవి తొమ్మిది! యూనిట్‌టెస్ట్ మామూలుగా 'టెస్ట్' అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే పనుల్నే పరీక్షలుగా గుర్తిస్తుంది. నా తెలుగు పరీక్షను అది పిలవనే లేదు. ఎరుపు ఒకసారి కళ్ళతో చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. ఒక్కసారైనా మొరగని కుక్కను కాపలా కుక్క అని ఎలా నమ్ముతాం?

ఇంకో రెండు అలవాట్లు కూడా వంటింటివే. ప్రతి పరీక్షకూ ఆబ్జెక్టులు కొత్తగా తయారుచేసుకోవాలి. నిన్న పులుసు కాచిన గిన్నెలో కడగకుండా పాయసం వండితే, చెడింది పాయసమా, గిన్నెనా తేలదు. అందుకని యూనిట్‌టెస్ట్‌లో ప్రతి పరీక్షకు ముందూ దానంతటది నడిచే 'సెటప్' అనే పని ఒకటి ఉంది. అదే కడిగిన గిన్నె.

రెండవది లక్కపిడతలు. కుక్కరు మూడు కూతలు కూసేదాకా ఆగే భాగాన్ని పరీక్షించటానికి ప్రతిసారీ పావుగంట కూర్చోలేం కదా. అందుకని నిజం పొయ్యి బదులు ఉత్తుత్తి పొయ్యిని పెడతాం. అడగ్గానే "మూడు కూతలూ అయ్యాయి" అంటుంది. చిన్నప్పుడు అక్క లక్కపిడతలతో బువ్వాలాట ఆడి, మట్టిని అన్నమని వడ్డించేది. ప్రోగ్రామర్లు దాన్నే మాక్ అంటారు. అయితే ఒక్క జాగ్రత్త. లక్కపిడతలతో ఆడిన ఆటలో ఎప్పుడూ అన్నం మాడదు. చివరకు నిజం పొయ్యి మీద కూడా ఒకసారి చూసి తీరాలి.

అమ్మ సెట్ చేసిన పేపరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బియ్యం లెక్కకు పరీక్షలు వ్రాయటానికి కూర్చున్నాను. 20 మందికి 5 మానికలు అని మొదటిది వ్రాశాను. 23 దగ్గర ఆగిపోయాను. అయిదు మానికల మూడు సోలలా? లేక పూర్తిగా ఆరా? నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఒక్కరే. అమ్మకు ఫోను చేశాను.

"ఇరవైముగ్గురికి ఎంతమ్మా?"

"ఆరు."

"ఇరవైనలుగురికి?"

"ఏడు."

నాకు అర్థం కాలేదు. 24కి లెక్క ప్రకారం సరిగ్గా ఆరే చాలు. "మరి ఇరవైమందికి?" అన్నాను.

"ఆరు పోస్తాను."

"అయిదు సరిపోతాయి కదమ్మా?"

"సరిపోవటమేమిట్రా? అడుగు కనపడేలా వండుతామా? తినేవేళకి ఎవరో ఒకరు వస్తారు. ఒక మనిషికి ఎప్పుడూ ఎక్కువే పొయ్యాలి."

నేను సరైనదని నమ్మి వ్రాసుకున్న మొదటి పరీక్షే తప్పు! నా ప్రోగ్రాము 23 దగ్గరే తప్పిందని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. 12 దగ్గరా, 20 దగ్గరా కూడా తప్పే. ఆ తప్పు ఏ భాగహారంలోనూ లేదు. అడగవలసిన మనిషిని అడగకపోవటంలో ఉంది.

చివరగా "ఎవరూ రాకపోతే?" అన్నాను. అమ్మ నవ్వింది. "పని లేని రోజున కూలీల వంట ఎందుకురా?" అంది. అంటే సున్నకు సున్న.

అలా పేపరు తయారయింది. సున్నకు 0, ఒకరికి 1, 12కి 4, 20కి 6, 23కి 6, 24కి 7. ముందు ఎరుపు. తర్వాత ప్రోగ్రాము. మనుషులకు ఒకరిని కలిపి, నాలుగుతో భాగించి, శేషం ఉంటే పై మానికకు పెంచాలి. కాగితం మీద సులువు చేసి చూస్తే నవ్వొచ్చింది. నా పాత శేషం వదిలే భాగహారమే ఉంచి, దానికి చివర ఒకటి కలిపితే చాలు. 23లో 5, ఒకటి కలిపితే 6. 24లో 6, ఒకటి కలిపితే 7. సున్న ఒక్కదానికే వేరే దారి. అంటే అమ్మకూ నాకూ తేడా అంతా ఆ ఒక్క మానికే. అమ్మ దాన్ని వచ్చేవాళ్ళ కోసం పోస్తుంది. నేను దాన్ని కొట్టేశాను.

పరీక్ష ముందు వ్రాయటంలోని మేలు తప్పులు పట్టటమని చాలామంది అంటారు. నా అనుభవం వేరు. పని మొదలుపెట్టక ముందే "సరైన జవాబేమిటి?" అని అడగక తప్పని స్థితిలోకి అది మనల్ని నెడుతుంది. ప్రోగ్రాము ముందు వ్రాసేస్తే, అది ఇచ్చిన జవాబే సరైనదని మన బుద్ధి సర్దుకుపోతుంది.

కొలతల గొడవ

కెంట్ బెక్ పుస్తకంలో ఉదాహరణ డాలర్లూ ఫ్రాంకులూ కలిపే లెక్క. నాకు మానికలూ కిలోలూ వచ్చిపడ్డాయి. ఇంట్లో కొలిచేది మానికతో. కొట్లో కొనే బస్తా కిలోల్లో. మానిక ఘనపరిమాణం, కిలో ద్రవ్యరాశి. బియ్యం రకాన్ని బట్టి మానికెడు బరువు మారుతుంది కనుక రెంటినీ నేరుగా కలపటం భౌతికశాస్త్రం ఒప్పుకోదు. అందుకని కొలతను వట్టి అంకెగా ఉంచక, ప్రమాణాన్ని తన వెంట పెట్టుకునే ఆబ్జెక్టుగా చేశాను. మానికకు కిలోను కలపమంటే అది మొరాయిస్తుంది. మొరాయించాలనే పరీక్ష.

ఇది చిన్న విషయమని కొట్టిపారెయ్యకండి. అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గరకు వెళ్ళి నాశనమైపోయింది. భూమి మీద ఒక ప్రోగ్రాము పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలిస్తే, అందుకునే ప్రోగ్రాము వాటిని న్యూటన్ సెకన్లనుకుంది. రెంటికీ మధ్య సుమారు 4.45 రెట్లు తేడా. అంకె వెళ్ళింది, దాని ప్రమాణం వెంట వెళ్ళలేదు.

ఈ పనిలో ఒక సంతోషం కూడా దొరికింది. మా వైపు లెక్కలో రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి 64 గిద్దెలు, అనగా రెండుకు ఆరవ ఘాతం. కంప్యూటరు లెక్కించే తీరూ రెండేసి రెట్లే కదా! మామూలు దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే పైథాన్ సరిగ్గా 0.3 అనదు, చివర ఎక్కడో చిన్న తునక మిగులుతుంది. మా ఇంటి కొలతల్లో ఆ బాధే లేదు. అన్నీ గిద్దెల్లోకి మార్చి పూర్ణాంకాలతో లెక్కపెట్టాను.

పరీక్షలకు అందనిది

నా ప్రాజెక్టులో మొత్తం 47 పరీక్షలు. నా పాత లాప్‌టాప్ మీద అన్నీ ఒక్క సెకను లోపల నడుస్తాయి. ఏదైనా మార్చగానే నడుపుతాను. భయం లేకుండా మార్చగలగటం ఈ పద్ధతి ఇచ్చే పెద్ద వరం. అయితే అంతా పచ్చగా ఉంది గనుక తప్పు లేదనుకోవటం పొరపాటు. పరీక్షలు తప్పు ఉన్నదని చూపగలవే గాని లేదని రుజువు చెయ్యలేవని డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1970 నాటికే హెచ్చరించాడు. మనకు తోచిన ప్రశ్నలే మనం అడగగలం. తోచనిది అడగలేం.

ఈ సంవత్సరం జూలైలో ఊడ్పులకు మళ్ళీ ఇంటికి వెళ్ళాను. 26 మంది వచ్చారు. ప్రోగ్రాము 7 మానికలు అంది. అమ్మకు చెప్పకుండా పక్కన నిలబడి చూశాను. అమ్మ ఏడు మానికలు కొలిచి పోసింది. నా గుండె కుదుటపడింది. తర్వాత డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకో రెండు గుప్పెళ్ళు తీసి అందులో వేసింది.

"అదెందుకమ్మా?"

"ఈ ఏడు బియ్యం కొత్తవిరా, అన్నం ఒదగదు."

నిజమే. పాత బియ్యం ఒదిగినట్టు కొత్త బియ్యం ఒదగవు. ఇరవై ఏళ్ళుగా ఆ అన్నమే తింటున్నాను, ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఆ రాత్రి 48వ పరీక్ష వ్రాశాను. ఇప్పటికి అది ఎరుపుగానే ఉంది. ఎన్ని నెలలు నిలవైతే పాత బియ్యమంటారో అమ్మ ఇంకా తేల్చి చెప్పలేదు.

ఆ రోజు చేలో వడ్డన నేనే చేశాను. కిందటేడు మజ్జిగ తాగి లేచిన పెద్దావిడ ఈసారి కూడా చివరగానే వచ్చి కూర్చుంది. రెండోసారి అన్నం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "చాలు బాబూ" అంది. గిన్నెలో ఇంకా అన్నం ఉంది.